ఎర్ర ముసుగు పెట్టుకున్న సాయంత్రాలు

గోడాదరా పేటకు వలసొచ్చిన తెలుగువాళ్ల ఇళ్లలో సంధ్యారాణిని ఎరగనివాళ్లు లేరు. ఫోన్లో చీరలు అమ్మే మనిషి. ముందు గదిలో పెద్ద లైటు పెట్టి, మార్కెట్ నుంచి తెచ్చిన చీర భుజాన వేసుకుని "అక్కా, జర రంగు చూడుండ్రి" అని మొదలుపెట్టిందంటే కరీంనగర్ నుంచి షోలాపూర్ దాకా ఆడవాళ్లు పొయ్యి మీద కూర మర్చిపోయేవారు. నోరే ఆమె పెట్టుబడి. అయితే ఆ నోటితో చప్పుడు చేయకుండా మాట్లాడడం కూడా ఆమెకు బాగా వచ్చు. అది ఉధ్నాలో బట్టలు నేసే కార్ఖానాలో నేర్చుకుంది.

పెళ్లికి ముందు ఆమె అక్కడ కండెలు చుట్టేది. నరహరి అక్కడే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. సాంచాల మోతలో చెవి దగ్గర అరిచినా వినబడదు కాబట్టి అందరూ పెదాలతో, కనుబొమ్మలతోనే మాట్లాడుకునేవారు. నన్ను చేసుకుంటావా అని నరహరి అడిగింది కూడా అలాగే, సాంచాకు అవతల నిలబడి. ఆమె ఒప్పుకున్నదీ అలాగే. పెద్దవాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాల్సి వచ్చింది, అది వేరే గొడవ.

ఏళ్ల తరబడి ఆ మోత నరహరి చెవులను తినేసింది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడి చెవిలో కాస్త మిగిలింది. బయటివాళ్లు మాట్లాడితే అర్థం కాకపోయినా చిన్నగా నవ్వి తల ఊపేస్తాడు. సేఠ్‌కి ఊపుతాడు, కూరగాయలావిడకి ఊపుతాడు. ఒకసారి అలా ఊపే, ఇంట్లో ఎవరూ తినని కాకరకాయలు సంచినిండా మోసుకొచ్చాడు. భార్య దగ్గర మాత్రం ఎన్నడూ అలా ఊపలేదు. మాట అందకపోతే ఆమె గడ్డం కింద వేలు పెట్టి, మొహం వెలుతురు వైపు తిప్పి, "మల్ల చెప్పు" అనేవాడు. సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చి, చాయ్ తాగుతూ, ఆమె మొహం చూస్తూ కబుర్లు 'వినడం' వాళ్ల కాపురంలో అన్నిటికన్నా పెద్ద సుఖం.

కిందటేడు చీరల వీడియో నడుస్తుండగా ఎవరో అమ్మాయి కింద రాసింది: "అవ్వా, అంచు దగ్గరగా చూపియ్యి." అవ్వా! యాభై కూడా రాలేదు. సంధ్యారాణి నవ్వుతూనే అంచు చూపించింది, చీర అమ్మేసింది, ఫోన్ కట్టేసి అద్దం ముందుకు వెళ్లింది. దవడ కింద చర్మం వదులైంది. ముక్కు పక్కల నుంచి నోటిదాకా రెండు గీతలు దిగాయి. ఎన్నాళ్లుగా ఉన్నాయో ఏమో, ఆమెకు కనబడింది ఆ రోజే.

అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! కూతురు సింధూజను సతాయించి రెండు పరికరాలు తెప్పించుకుంది. ఒకటి మొహమంతా కప్పే ముసుగు, లోపలంతా ఎర్ర లైట్లు. రెండోది చేత్తో పట్టుకునేది. జెల్ రాసి దవడ మీద తిప్పుతుంటే రేడియో తరంగాలతో చర్మం లోపల వేడి పుడుతుందట, ఆ వేడికి బిగుతు వస్తుందట.

"మమ్మీ, నెలలు పడ్తదంట. ఫరక్ గూడ థోడాసానే, జరంత," అంది సింధూజ, డబ్బాలోని కాగితం చదివి.

"థోడాసానే చాలు తియ్యి," అంది తల్లి.

పొద్దున మార్కెట్, మధ్యాహ్నం ఇంటిపని, ఆ తర్వాత వీడియో. ఇక మిగిలింది నరహరి ఇంటికొచ్చే వేళే. మొదటిరోజు గుమ్మంలోనే అదిరిపడి, "ఏందే గిది, దయ్యం లెక్క!" అని పగలబడి నవ్వాడు. మొహం కదిపితే గుణం పోతుందని ఆమె తనంతట తానే ఒక నియమం పెట్టుకుంది కాబట్టి, ఆగమన్నట్టు అరచేయి ఎత్తింది. ఆగాడు. మర్నాడూ ఆగాడు. కొన్నాళ్లకు చాయ్ గ్లాసు పట్టుకుని కిందింటి లింగం అరుగు మీదికి పోవడం మొదలుపెట్టాడు. పోనీ, తనకూ కాస్త ప్రశాంతంగా ఉంది అనుకుంది సంధ్యారాణి. అలా అనుకున్నందుకు ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపిస్తుంది.

వానాకాలంలో ఒక సాయంత్రం అతను ముసుగు ముందు చాలాసేపు నిలబడ్డాడు. "సంధ్యా, నీకో మాట చెప్పాల్నే," అన్నాడు. ఆమె కళ్లు తెరవకుండానే అరచేయి ఎత్తింది. ముసుగు తీసేసరికి చాయ్ తాగకుండా వదిలేసిన గ్లాసు ఉంది, మనిషి లేడు. తినేటప్పుడు అడుగుదామనుకుంది. ఈలోగా ఎవరో చీర కోసం ఫోన్ చేశారు, మర్చిపోయింది.

దీపావళి నాటికి దవడ కింద కొంచెం బిగిసింది. పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. సింధూజ మాత్రం "లైటింగ్ మారిందేమో మమ్మీ," అంది. మొగుడికి చూపించాలని సంధ్యారాణి ఎదురుగా కూర్చుని వడ్డించింది. అతను పళ్లెంలోంచి తలెత్తలేదు.

ఆ వారంలోనే మెట్ల దగ్గర లింగం కనబడ్డాడు. "వదినె, అన్నకు బట్ట తాన్లు మడతవెట్టే పని అలవాటైందా? సాంచల మీదికెళ్లి తీసేసినంక మస్తు పరేషాన్ అయిండు."

"సాంచల మీదికెళ్లి తీసిండ్రా? ఎందుకు?"

"రెండో చెవి గూడ పోయె గదా! సాంచ తిప్పే పట్టా తెగుతుందని అందరు ఒర్లుతుంటే ఇనవడలే. జరంతల తప్పింది. వానకాలం ముచ్చట. ముందుగాల సంధ్యకు చెప్త అని ఉరికొచ్చిండు, నీకు చెప్పలేదా?"

ఆమె మెట్లెక్కి ఇంట్లోకి వచ్చి, మంచం మీద కూర్చున్న నరహరి గడ్డం కింద వేలు పెట్టి మొహం పైకెత్తింది. "నాకెందుకు చెప్పలే?"

అతను ఆమె పెదాల వంక చూశాడు. "చెప్పనీకనే వచ్చిన. నువ్వు దాన్ని మొఖానికి పెట్టుకొని ఉంటివి. నువ్వేమంటున్నవో నాకెట్ల తెలుస్తది?" మళ్లీ అన్నాడు, "ఆ దినం నీ ముందట కూసోవాలనిపిచ్చింది, గంతే." అందులో కోపం లేదు. ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది.

ముసుగు అటక ఎక్కింది. మర్నాడు సాయంత్రం చాయ్ పెట్టి, కిటికీ పక్కన వెలుతురులో కూర్చుని అతన్ని పిలిచింది. "తప్పు నాదే. గిప్పటికెళ్లి రోజు గిట్లనే కూసుందాం," అని మొదలుపెట్టింది గానీ ఏడుపు తన్నుకొచ్చి పెదాలు వంకర్లు పోయాయి. ఆ మాటలు ఎవరికీ అర్థం కావని ఆమెకు తెలుసు. గడ్డం కిందికి వేలు వస్తుందని, "మల్ల చెప్పు" అంటాడని ఎదురుచూసింది.

నరహరి ఆమె వంక చూసి, చిన్నగా నవ్వి, కూరగాయలావిడకి ఊపినట్టే తల ఊపాడు.