అరటిపువ్వనుకున్న ఆర్టిచోక్

ఇక్కడ గల్ఫ్‌లో శుక్రవారం మా బిల్డింగ్ సైట్‌కి సెలవు. ఆ శుక్రవారం గుడ్ ఫ్రైడే కూడా. ఉదయం తొమ్మిదీ పదికి లుసైల్‌లో మెట్రో ఎక్కాను. టికెట్ రెండు రియాళ్లు. అల్ తుమామాలో ఒక లెబనాన్ క్రైస్తవ కుటుంబంలో మా సుగుణక్క వంట చేస్తుంది. మూడు నెలల ట్రయల్ మర్నాటితో అయిపోతుంది. నచ్చితే ఉంచుకుంటారు, లేదంటే ఏజెన్సీకి తిప్పి పంపేస్తారు. ఆ రోజు ఎనిమిది మందికి భోజనమట, మేడమ్‌ని అడిగి నన్ను సాయానికి రమ్మంది.

పక్క సీట్లో నిజామాబాద్ మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. సంగతంతా విని, "ఏదైనా అడిగి చెయ్యన్నా. గీళ్ల వంటలు మనకేం ఎరుక?" అన్నాడు. కోనసీమవాడికి వంట గురించి చెప్పొచ్చాడు అనుకుని నవ్వుకున్నాను.

స్టేషన్ నుంచి టాక్సీలో చేరేసరికి పదిన్నర దాటింది. వెనక వంటగదిలో బల్ల మీద పన్నెండు ఆర్టిచోక్‌లున్నాయి. చూడటానికి పచ్చటి తామరమొగ్గలు, ముట్టుకుంటే ముళ్లు.

"ఇవి ఈ నెలల్లోనే వస్తాయిరా. ఇవాళ వీళ్లు మాంసం ముట్టరు, ఆలివ్ నూనెలో ఇదే వండుకుంటారు. పీచు ఎక్కువంట, ఇంట్లో పెద్దావిడ షుగర్‌కి మంచిదని డాక్టర్ చెప్పాడంట," అంది అక్క. ఇంతలో పైనుంచి పిలుపొచ్చింది. "కడిగి ఉంచు," అని వెళ్లింది.

కడిగి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఒకటి విప్పి చూశాను. రేకుల మీద రేకులు, మధ్యలో మెత్తటి నూగు. ఇదీ అరటిపువ్వు జాతేనని తేల్చేశాను. అరటిపువ్వులో పై రేకులు పారేసి లోపలి పూలే కదా వండుకుంటాం. అలాగే రేకులూ, అడుగున దుంపలా ఉన్న ముక్కా చెత్తబుట్టలో వేశాను. నూగంతా మజ్జిగ నీళ్లలో వేశాను. అరగంటలో పన్నెండూ అయిపోయాయి. బుట్ట తీసుకెళ్లి వీధిలో పెద్ద డబ్బాలో కుమ్మరించి కూడా వచ్చాను. పనివాడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందని ఊరికే అనలేదు.

అక్క దిగొచ్చి గిన్నెలోకి చూసింది.

"తినేది ఏదిరా?"

"అదేగా."

"ఇది గొంతుకి అడ్డం పడుతుంది, పారేసేది ఇదే. తినేది ఆ అడుగు ముక్క."

సరిగ్గా అప్పుడే మేడమ్ గుమ్మంలోకి వచ్చారు. గిన్నె చూసి నిర్ఘాంతపోయారు.

"ఎవరు చేశారిది?"

"నేనే, మేడమ్," అంది అక్క.

నేను పక్కనే ఉన్నాను. పొద్దున్నించీ వాగిన నోరు అప్పుడు పెగల్లేదు. మేడమ్ అక్కని చూశారు, నన్ను చూశారు. ఇంకాసేపు అక్కడే ఉండి, పైకి వెళ్లిపోయారు.

ఫ్రీజర్‌లో ఉన్న చిక్కుడుగింజలతో అక్క ఎలాగో వంట కానిచ్చింది. ఒంటిగంటన్నరకి పైన భోజనాలయ్యాయి. అక్క నాకూ రొట్టె పెట్టింది. నన్ను ఒక్క మాటైనా తిట్టలేదు, అదే కష్టంగా ఉంది.

మూడింటికి బయల్దేరాను. ఇక్కడికొచ్చి ఆర్టిచోక్ వండబోయేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే, అడుగు ముక్కని పారేయకండి. మెట్రో ఎక్కాక ఉండబట్టలేక అక్కకి ఫోన్ చేశాను.

"ఏమన్నారు, ఉంచుకుంటారా?"

"ఉంచుకున్నారు. ఇందాకే చెప్పారు."

"మేడమ్‌కి ఫోనియ్యి. చేసింది నేనని చెప్తాను."

"ఆవిడకి తెలుసురా. నేను వండిన ఆర్టిచోక్‌లు ఇప్పటికి రెండుసార్లు తిన్నారు. నువ్వు చెప్తావేమోననే గుమ్మంలో అంతసేపు నిలబడ్డారు."