ఊతెరీ నుంచి నెద్యెలె దాకా

మంగళవారం పొద్దున ఏడుంబావుకు అనంతపురంలో పుట్టపర్తి పల్లెవెలుగు ఎక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. మీరూ ఈ బస్సే ఎక్కండి, కిటికీ సీటు దొరుకుతుంది. ఒడిలో టిఫిన్ డబ్బా, చెవిలో చెక్ భాష! నవ్వకండి. పుట్టపర్తిలో ఉంటున్న ఒక చెక్ ముసలావిడకు తోడు మనిషి కావాలట. జబ్బు చేశాక ఆవిడకు ఇంగ్లీషు పోయి, సొంత భాష ఒక్కటే మిగిలింది. లేచింది మొదలు ‘ఇవాళ ఏ వారం?’ అని అడుగుతుంది. సరైన జవాబు రాకపోతే ముద్ద ముట్టదు. ఇప్పటికే ఇద్దరు మానేశారు. వాళ్ల దేశంలో ఉన్న కూతురు యానా ఆదివారం ఆదివారం ఫోనులో కనిపిస్తుంది. ఏడు వారాల పేర్లూ తన గొంతుతో నాకు పంపింది ఆమే. కుట్టుమిషను మీద నడుం విరగ్గొట్టుకున్నదాన్ని, ఈ పని నాకు దొరికి తీరాలి.

ధర్మవరం వచ్చేసరికి అన్నీ పట్టుబడ్డాయి, బుధవారం తప్ప. స్త్ర్షెదా! నాలుక తిరిగితేనా!

పక్క సీట్లో శనక్కాయల మూటతో కూర్చున్న పెద్దామె ఉండబట్టలేక అడిగింది.

"ఏందిమ్మా, ఏం మంత్రం చదువుతాండావు?"

సంగతి చెప్పాను.

"మీ వీధికి నీళ్లు ఏ వారం వస్తాయి?"

"బుధవారమే."

"ఇంగేమి! కొళాయి కింద బిందె పెట్టినట్ల తలుచుకోని అను. యాడికీ పోదు."

నిజంగానే వచ్చేసింది! కొత్తచెరువులో దిగుతూ ఆమె కూడా "స్త్ర్షెదా" అని ఒక కేక వేసి మరీ దిగింది.

తొమ్మిదిన్నరకు ఇల్లు చేరాను. ముసలావిడ ముందు ఇడ్లీలు చల్లారిపోతున్నాయి. వారం అడిగింది. మంగళవారం కాబట్టి "ఊతెరీ" అన్నాను. తలూపింది, ప్లేటు మాత్రం పక్కకు నెట్టి మళ్లీ అడిగింది. మూడుసార్లు చెప్పాను.

"దినామూ ఇదే కత మా. ఆ ఇద్దురూ ఊరికే పోయినారా?" అంది ఇంటి ఓనరమ్మ.

కష్టపడి నేర్చుకున్నది వృథా కావాలా అని ఉక్రోషంతో వేలి గణుపుల మీద బొటనవేలు జరుపుతూ ఇవాళ్టి నుంచి వరసగా అప్పజెప్పాను. ఊతెరీ, స్త్ర్షెదా, చ్త్వర్తెక్, పాతెక్, సొబోత, నెద్యెలె. ఆదివారం దగ్గర ఆవిడ చటుక్కున నా వేలు పట్టుకుంది. "యానా" అంది. మొదటి గణుపు నుంచి తనే మళ్లీ లెక్కపెట్టి, ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. అమ్మ తల్లీ, నువ్వు అడుగుతున్నది ఈ రోజు సంగతి కాదా! నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

నాలుగున్నర బస్సులో తిరుగు ప్రయాణం. రేపటి నుంచే పనిలో చేరమన్నారు. నీళ్లొచ్చే రోజు కదా, బిందెలు పక్కింటామెకు అప్పజెప్పాలి. ధర్మవరం దాటాక చూసుకుంటే నా బొటనవేలు గణుపుల మీదే ఉంది. ఇంకా ఐదు రోజులు. ఆ యానా ముఖం ఎప్పుడు చూస్తానా అని నాకే తొందరగా ఉంది.