పరీక్ష రోజున మాత్రం బాగుండే పిన్ని

మా పిన్నిని కుట్టు దుకాణంలో ‘మెషీను’ అంటారు. ఆ పేరు పెట్టింది ఓనరమ్మే. జిప్పు మార్చడం, ప్యాంటు కింద మడత వెయ్యడం, కోటు చేతులు కురచ చెయ్యడం, ఏదిచ్చినా తలెత్తకుండా కుట్టి అవతల పడేసేదని. పేరు ఇప్పటికీ అదే. మనిషే మారిపోయింది.

మూడేళ్ళ కిందట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నీరసం తగ్గలేదు. నీరసమంటే మనందరికీ తెలిసిన నీరసం కాదు, రాత్రి పడుకుంటే పొద్దుటికి పోయే రకం కాదు. తల దువ్వుకోవాలంటే మధ్యలో చేతులు దించి కాసేపు ఒళ్ళో పెట్టుకోవాలి. ఇవాళ కాస్త ఓపికుంది కదా అని అల్మారా సర్దిందనుకోండి, ఆ పూట బానే ఉంటుంది. మర్నాడూ పరవాలేదు. ఆ తర్వాతే ఉంటుంది అసలు సంగతి. మంచం దిగలేదు. వెలుతురు పడదు, గిన్నె చప్పుడు పడదు, పక్కన ఎవరైనా గట్టిగా ఊపిరి తీసినా విసుగే.

రక్త పరీక్షలన్నీ శుభ్రంగా వచ్చాయి. బస్సు నడిపే మా బాబాయి ఆ కాగితాలు చూసి, “నాకన్నా నువ్వే ఆరోగ్యంగా ఉన్నావు కదే” అన్నాడు. నవ్వించడానికే అన్నాడు. పిన్ని నవ్వింది కూడా. నవ్వాక గోడవైపు తిరిగి పడుకుంది.

ఓనరమ్మ పాడు మనిషి కాదు. ఒక్క పూటే రమ్మంది, కూర్చుని చేసే పనులే ఇచ్చింది. కానీ ఎన్నాళ్ళని ఊరుకుంటుంది? పెద్దాసుపత్రిలో జ్వరం తర్వాత వదలని ఇలాంటి నీరసం మీద పరిశోధన జరుగుతోందని, రోజూ కొంచెం కొంచెం నడక పెంచుకుంటూ పోతే ఓపిక తిరిగొస్తుందని ఎక్కడో విని, పిన్నిని తనే అందులో చేర్పించింది. అది అయిపోయాక పిన్ని రెండు పూటలా పనికి రావాలి, లేదా ఓనరమ్మ ఇంకొకర్ని చూసుకుంటుంది. ఒప్పందం అది. పిన్నికి ఆ దుకాణమంటే ప్రాణం. అక్కడ తన కత్తెర ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. ఇంట్లో తను రోగిష్టి, అక్కడ ఇంకా మెషీను.

ఆసుపత్రి వరండాలో అటొకటి ఇటొకటి నారింజ రంగు గుర్తులు పెడతారు. వాటి మధ్య ఆరు నిమిషాలు నడవాలి. ఎంత దూరం నడిచారో కొలిచి, ఎలా ఉందని అడిగి రాసుకుంటారు. రాసుకునేది ఫిజియోథెరపీ అమ్మాయి. చాలా మంచి పిల్ల. “సూపరాంటీ” అని చప్పట్లు కొట్టేది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ పిల్ల మొహం చిన్నబోకూడదని పిన్ని పరీక్షకి ముందు రోజులన్నీ ఓపిక దాచుకునేది. దుకాణానికి సెలవు. వంట బాబాయిది. స్నానం కూడా మానేసి మంచం మీదే. పరీక్ష రోజు పొద్దున తలస్నానం చేసి, ఇస్త్రీ బట్టలు వేసుకుని బయల్దేరేది. పైన పటారం, లోన లొటారం. వెళ్ళిన ప్రతిసారీ నడిచిన దూరం పెరిగింది. ఇంటికొచ్చి పడ్డాక మళ్ళీ లేవడానికి పట్టే రోజులూ పెరిగాయి. వాటిని కొలిచేవాళ్ళు లేరు.

తోడు వెళ్ళేది నేనే. ఈ జబ్బు మీద దొరికిన పరిశోధనలన్నీ తెగ చదివి పిన్నికి వినిపించేదాన్ని. కళ్ళు మూసుకుని వినేది. ఒకదాంట్లో చాలామందికి నయమైందని చదువుతుంటే, “మధ్యలో మానేసినవాళ్ళని ఏ లెక్కలో వేశారు?” అంది. వెతికి చూస్తే, అసలు లెక్కలోంచే తీసేశారు. ఇంకోదాంట్లో ఎలా ఉందని నడిచిన రోజే అడిగారు, రెండు రోజులు పోయాక ఎవరూ అడగలేదు. నేను ఊగిపోతుంటే పిన్ని చెయ్యి ఎత్తి ఆపింది. “ఆవేశపడకే. నువ్వు ఆవేశపడితే నాకు నీరసం వస్తుంది.”

ఆఖరి పరీక్ష దగ్గరపడ్డాక ఓనరమ్మ ఫోన్ చేసింది. ఈసారి కూడా బాగా నడిస్తే వచ్చే నెల నుంచి రెండు పూటలా వచ్చెయ్యమంది, పని ఎక్కువయ్యే రోజులు మొదలవుతున్నాయంది. ఫోన్ పెట్టేసి పిన్ని చాలాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ పడుకుంది.

“నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. అదీ కొలత తప్పకుండా” అంది.

ఈసారి దాచుకోలేదు. ముందు రోజు దుకాణానికి వెళ్ళింది, వచ్చి కూర తరిగింది. పరీక్షకి నలిగిన బట్టలతోనే వచ్చింది. మేం మొదటిసారి వచ్చినప్పుడు కుర్చీ దొరక్క గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఇవాళ వరసలకి వరసలు ఖాళీ. మిగతావాళ్ళేరని పిన్ని అడిగితే, చాలామంది ఆసక్తి లేక మానేశారని ఆ అమ్మాయి చెప్పింది.

“ఆసక్తి లేక కాదేమోనమ్మా, లేవలేకేమో” అంది పిన్ని.

నడక మొదలుపెట్టి, రెండోసారి వెనక్కి తిరగబోతూ గోడ పట్టుకుంది. అలాగే జారి కింద కూర్చుంది. అమ్మాయి పరుగున నీళ్ళు తెచ్చింది.

“ఇవాళ మీకు బాలేదాంటీ. ఇది వదిలేద్దాం, వచ్చే వారం మళ్ళీ పెట్టుకోవచ్చు.”

“వద్దమ్మాయ్. ఇవాళ బానే ఉన్నాను. నా మామూలు రోజు ఇదే.”

“మరి ఇన్నాళ్ళూ?”

పిన్ని ఆగి ఆగి అంతా చెప్పింది. మంచం మీద దాచుకున్న రోజులు, తలస్నానం, ఇస్త్రీ బట్టలు, ఆ చప్పట్లు. చప్పట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల కూడా నేల మీద చతికిలబడింది. ఆ పరిశోధన నడిపే డాక్టరుగారొచ్చి విన్నారు. ఒక్కరి సంగతితో ఫలితం మారదని, మొత్తం మీద సగటు బాగానే వస్తోందని మర్యాదగానే చెప్పారు. నేను నోరు తెరవబోతే పిన్ని నా మోచెయ్యి నొక్కింది. వాదించే ఓపిక ఆవిడకి లేదు, వినే ఓపిక అసలే లేదు. అమ్మాయిని మాత్రం ఒకటి అడిగింది.

“ఎల్లుండి ఒక్కసారి ఫోన్ చేసి, ఎలా ఉన్నారని అడుగు. అంతే.”

చేసింది. బాబాయి ఫోన్ పట్టుకుని గది బయటికెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గుసగుసగా మాట్లాడాడు.

“పడుకుంది తల్లీ. మాట్లాడే ఓపిక లేదు. ఇప్పుడు నీ గొంతు కూడా బరువే దానికి.”

ఇది రాయడానికి తమ కాగితాల్లో చోటే లేదని, అయినా ఎక్కడో ఒకచోట రాస్తానని ఆ పిల్ల అందట. మర్నాడూ చేసింది. ఆ మర్నాడూ చేసింది. బాబాయి అదే జవాబు చెప్పాడు.

తర్వాత ఓనరమ్మ వచ్చింది. వస్తూనే కిటికీ తెర తియ్యబోతే నేను ఆపాను. చీకట్లోనే మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది.

“అన్నిసార్లూ బాగా నడిచావు కదే మెషీనూ. ఇంతలో ఏమొచ్చింది?” కోపంగా అడగలేదు. నిజంగానే ఆవిడకి అర్థం కాలేదు.

పిన్ని కళ్ళు తెరవలేదు. “అక్కా, కొత్త నూలు బట్టని తడపకుండా కొలిచి కుడతామా?”

“ఎందుకు కుడతాం? ఒక్క ఉతుక్కే కురచైపోతుంది.”

“వాళ్ళు నన్ను తడపకుండా కొలిచారు. నేను కూడా ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళాను.”

దుప్పటి అంచు కుట్టూడి దారం వేలాడుతుంటే ఓనరమ్మ దాన్ని వేలికి చుట్టుకుని చూసింది. నన్ను సూదీ దారం తెమ్మంది. ఆ మసక వెలుతురులోనే అంచంతా కుట్టి, దారం పంటితో తెంపింది.

“ఒక్క పూటే రా. లేవలేని రోజు రాకు. నాకోసం మొహమాటపడి మాత్రం రాకు. రెండో పూటకి ఇంకెవర్నైనా పెట్టుకుంటాను.”

లేచి గుమ్మం దాకా వెళ్ళింది. అప్పుడు పిన్ని మెల్లగా ఇటు తిరిగింది.

“అక్కా. ఆ వచ్చేదానికి నా కత్తెర ఇవ్వకు.”