ఒకటిన్నర మాత్ర

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. ఆమె చేతిలో నిజంగా కత్తెర చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఆమెది అరవై పొరల గుడ్డను ఒక్కసారిగా కోసే కరెంటు కత్తి. బల్లకు ఒకవైపు నిలబడి సుద్దగీత వెంట ఆ మెషిన్ని నడిపిస్తే, చొక్కా చేతులు అరవై ఒకేసారి ఊడి వచ్చేవి. ఎదురుగా గుడ్డ పరిచే అక్క గీతకు రెండంగుళాల దూరంలో అరచేయి ఆనించి, పొరలు జారకుండా అదిమి పట్టుకునేది. కోసేవాళ్లకు ఇనుప గ్లౌజు ఇస్తారు. పట్టుకునేవాళ్లకూ ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. ఇచ్చినా అక్క వేసుకునేది కాదు, గుడ్డ మీద పట్టు దొరకదట.

నలభై మూడో ఏట కత్తెరమ్మకు థైరాయిడ్ మందగించింది. నడి ఎండాకాలంలో దుప్పటి కప్పుకునేది. ఫ్యాను వేస్తూ మొగుడు, ఆపుతూ ఈవిడ. "ఒకే గదిలో రెండు కాలాలు నడుపుతున్నావే!" అని ఆయన విసుక్కునేవాడు. వ్యవహారం అంతటితో ఆగితే బాగుండేది. నిలబడే కునుకు తీయడం, నిన్న కోసిన సైజు ఇవాళ గుర్తు లేకపోవడం మొదలైంది. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి మాత్ర రాసింది. పొద్దున్నే పరగడుపున ఒకటి, ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్ష.

ఆరు వారాలనేసరికి కత్తెరమ్మకు ఒళ్లు మండింది. కోత బల్ల దగ్గర ఏదైనా అప్పటికప్పుడు తేలిపోవాలి. పదిహేను రోజులు మింగినా మత్తు వదలకపోయేసరికి తన పనితనం మందు మీద చూపించింది. గుడ్డ కోసేటప్పుడు కుట్టు కోసమని గీత అవతల అర అంగుళం వదులుతారు. ఎక్కువైతే లోపలికి మడుచుకోవచ్చు, తక్కువైతే అతికేవాడు లేడు. మాత్రకూ అదే లెక్క అనుకుంది మహాతల్లి. ఒకటికి అర కలిపింది. ఇంకో పది రోజులకు రెండు చేసింది. మందుల షాపులో పాత చీటీ చూపిస్తే కాదన్న నాథుడు లేడు. ఒళ్లు తేలికపడి, కునుకు పోయి, మధ్యాహ్నానికే సగం పని తెమిలిపోతుంటే పరీక్ష సంగతే మరిచిపోయింది.

ఆ సంబరం నెల కూడా నిలవలేదు. కూర్చున్నచోటే గుండె దడదడలాడేది. అరచేతులు చెమటతో తడిసేవి. వేళ్ల చివర సన్నని వణుకు కనబడితే మెషిన్ అదురు అనుకుంది. స్విచ్ ఆపాక కూడా అది ఆగలేదు. ఆ చేతిని ఏప్రన్ జేబులో దాచేసింది.

ఒక మంగళవారం కాలరు వంపు తిప్పుతుండగా కత్తి గీత దాటింది. అక్క బొటనవేలికి గోరంత దూరంలో గుడ్డ చీలిపోయింది. కత్తెరమ్మ చటుక్కున మెషిన్ ఆపేసింది. అక్క మాత్రం చెయ్యి కదపలేదు.

"కానీ, కానీ. ఇది వేస్టు ముక్కల్లో పోతుందిలే," అంది.

సాయంత్రం డాక్టరమ్మ ఆమెను చేతులు చాపమని, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరిచింది. కాగితం గజగజలాడింది.

"రోజుకు ఎన్ని వేసుకుంటున్నారు?"

"రెండు."

"నేను రాసింది?"

"ఒకటి."

డాక్టరమ్మ కోపాన్ని దిగమింగుకుంది. "ఈ మందు ఒంట్లో నెమ్మదిగా కుదురుకుంటుందమ్మా. మోతాదు సరిపోయిందో లేదో ఆరు వారాలకు గానీ తెలియదు. ఆలోపే మీరు పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు గుండె పరుగు తీస్తోంది. ఇలాగే సాగితే లయ తప్పుతుంది." రక్తం తీయించి, గుండె పరీక్ష చేయించి, మళ్లీ ఒకటే వేసుకోమంది.

"అయితే రేపటికల్లా వణుకు పోతుందా?"

"పోదు. కొన్ని వారాలు పడుతుంది. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

"గుండీలు కుడతానండి," అని అబద్ధమాడింది. పదకొండేళ్లు గుండీలు కుట్టి కుట్టి ఆ బల్ల దాకా వచ్చింది. వణుకు సంగతి బయటపడితే మళ్లీ గుండీలే.

మర్నాడు పొద్దున మోచేతిని నడుముకు బిగించి, ఊపిరి బిగబట్టి స్విచ్ వేసింది. అక్క పొరలు సర్ది, అరచేయి ఆనించింది. ఆ చేతి మీద ఉబ్బిన నరాలూ, అరిగిన గోళ్లూ కత్తెరమ్మకు అంత దగ్గరగా ఎప్పుడూ కనిపించలేదు. కత్తి ముందుకు తోయలేకపోయింది.

"అక్కా, చెయ్యి కాస్త వెనక్కి తీసుకో."

"ఎందుకు?"

"నా చెయ్యి వణుకుతోంది."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మూడు వారాలైంది."

"తెలిసీ ఎలా పెట్టావక్కా?"

అక్క కుట్టు మెషిన్ల వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "నేను చెయ్యి తీస్తే హాలంతా చూస్తుంది. ఎందుకు తీశావని అడుగుతారు. నీ బల్ల పోదూ?"

సిగ్గుతో కత్తెరమ్మ ముఖం కాలిపోయింది. తన బల్ల కోసం మూడు వారాలుగా ఒక మనిషి వేళ్లు పణంగా పెడుతోంది, అదీ నోరు మెదపకుండా. స్విచ్ ఆపేసి, ప్లగ్గు కూడా పీకి, సరాసరి ఓనరు గదిలోకి వెళ్లింది.

"నా చేతులు వణుకుతున్నాయండీ. మందు నేనే ఎక్కువ వేసుకున్నాను. డాక్టరమ్మ సరేననేదాకా నన్ను గుండీల దగ్గర కూర్చోబెట్టండి."

"ఎన్నాళ్లు?"

"ఆరు వారాలు పట్టొచ్చు."

ఆయన ఆర్డర్ల కాగితాలు తిరగేస్తూ తల ఎత్తకుండానే అన్నాడు: "అన్నాళ్లు ఆ బల్ల నీకోసం ఖాళీగా ఉంచలేను."

"తెలుసండీ," అంది కత్తెరమ్మ.