నేను గట్టు బాగుచేసిన విధం

ఒక నది గట్టుని ఒంటిచేత్తో, అదీ ఒక్క పూటలో సర్వనాశనం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి.

తెల్లవాళ్ల రాజ్యం పోయి, దేశంలో అందరికీ ఓటు వచ్చిన కొత్త. ప్రతిదానికీ కమిటీయే. మా స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నది గట్టుకీ ఒకటి వేశారు. వానలు వేళాపాళా మరిచి, వస్తే కొంపల మీదికే వస్తున్నాయి. నదికి మొదట్నుంచీ తెల్లా నల్లా తేడా లేదు, ఎవరి గోడైనా సమానంగా కూల్చేది. గట్టు అంచునే మా పెద్దమ్మ చిక్కుడు తోట, రేకుల వంటిల్లు. పోయిన వరదకి కంచె పోయింది, ఈసారి వంటింటి వంతు. గట్టు నిలవాలంటే ఈ నేల గడ్డే నాటాలని, అవతలి ఒడ్డున ఉండే మాఖుమాలో అనే జులూ పెద్దావిడ చెప్పింది. ఆవిడా పెద్దమ్మా ఆరు వారాలు నడుం వంచి నాటారు.

నాకిదేం తెలీదు. మీటింగులకి వెళ్లలేదు. కూర్చోలేకే కదా ఆరో క్లాసులో బడి మానేసింది.

పెద్దమ్మ పెళ్లికి పోతూ "గట్టు కాస్త సూసుకోరా" అంది. చూశాను. అంతా గడ్డి. మాది మూడు తరాల కూరగాయల తోటల వంశం, గడ్డిపరక కనబడితే చేతులు ఊరుకోవు. మధ్యాహ్నానికి గట్టంతా పీకేశాను. వంటింటి వెనక నాలుగడుగులు మిగిలింది. అక్కడ మామిడి నీడ. నడుం వాల్చాను, సాయంత్రం దాకా లేవలేదు.

మర్నాడు పెద్దమ్మ మాఖుమాలో పెద్దావిణ్ణి వెంటబెట్టుకు వచ్చింది.

"గడ్డేదిరా?"

"పీకీసాను పెద్దమ్మా. క్లీన్‌గా లేదూ?"

నిజంగానే గట్టు కావడి మొక్కుకి గుండు చేయించుకున్న తలలా మెరుస్తోంది.

"ఏటి సేసినావురా సచ్చినోడా" అంది పెద్దమ్మ, చాలా నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా తిడితేనే భయం.

మాఖుమాలో ఇంగ్లీషులో అడిగింది. "పీకింది ఎక్కడ పెట్టావు? మళ్లీ నాటుదాం."

"కుప్ప చూడ్డానికి బాగోదని తగలబెట్టాను."

"హావ్" అంది ఆవిడ, జులూలో "అమ్మో" అన్నట్టు. "పనిమంతుడే."

ఆ వారంలోనే వాన పడింది. గట్టు విరిగి, చిక్కుడు పందిళ్లు గుంజలతో సహా నదిలోకి నడిచిపోయాయి. వంటిల్లు మాత్రం నిలబడింది, సరిగ్గా ఆ నాలుగడుగుల గడ్డి అంచున. గడ్డి ఇంకా మనిషి ఆకారంలో అణిగి ఉంది.

"ఇక్కడెందుకు పీకలేదు?" అంది మాఖుమాలో.

"నిద్రపోయాను."

పెద్దమ్మ నన్నూ వంటింటినీ మార్చి మార్చి చూసింది. మాఖుమాలో మాత్రం కమిటీకి గంభీరంగా చెప్పింది: "ఇతనికి పని ఇవ్వకండి. చాప ఇవ్వండి."

ఆ నది సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ప్రకృతికి మేలు చేయాలని బుద్ధి పుట్టినప్పుడల్లా ముందు పడుకుంటాను. నేటివరకూ మాట తప్పలేదు.