మేనత్త దిష్టి

మా ఆయన అక్క వచ్చినప్పుడల్లా నా నాలుగేళ్ల కూతుర్ని చూసి, "ఇంత నల్లగా పుట్టిందేంటే ఇది? రేపు దీన్నెవడు చేసుకుంటాడు?" అనేది. ఒకరోజు పిల్ల అద్దం ముందు నిలబడి మొహం నిండా పౌడరు దట్టించుకుని, "ఇప్పుడు బాగున్నానా అమ్మా?" అని అడిగింది. వదిన మీద నాకు ఆరోజే కసి పుట్టింది.

మొన్న ఆవిడ మళ్లీ వచ్చింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయలు గుప్పెడు తెచ్చి, ఆవిడ ఎదురుగానే పిల్లకు దిష్టి తీశాను. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, మేనత్త దిష్టి!" అని గట్టిగా అంటూ పొయ్యిలో నిప్పుల మీద పడేశాను. ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టని మా నమ్మకం. తీరా చూస్తే ఇల్లంతా ఘాటు కమ్మేసింది.

వదిన దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, "చూశావా! నా కన్ను మంచిదేనమ్మా!" అంది.

ఓడిపోయాననే అనుకున్నాను. ఇంతలో నా కూతురు పౌడరు డబ్బా పట్టుకొచ్చింది.

"అత్తా, నీ మొహం అస్సలు బాలేదు. ఇది రాసుకో, అప్పుడు నిన్ను ఎవరైనా చేసుకుంటారు."

పిల్లను నేను వారించలేదు.

"మెడకి కూడా రాయమ్మా," అన్నాను.