స్వరూప కలిపిన బారు

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాల వెచ్చదనం అరచేతికి తగిలితే నాకు స్వరూప గుర్తొస్తుంది. ఈ ఉదయం మణికొండలో మా వీధి చివరి జిరాక్స్ షాపులో వయొలిన్ స్వరాల కాగితాలు తీయిస్తుంటే అలాగే అయింది. షాపతను ఒక పేజీ ఎత్తి, "అమ్మా, అడుగున ఖాళీ వచ్చింది. మళ్లీ తియ్యాలా?" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఒకప్పుడైతే ఆ ఖాళీ చూసి నాకు అన్నం సయించేది కాదు.

నేను ఖజానా శాఖలో పద్దులు సరిచూసి రిటైరయిన మనిషిని. వరుసలు తిన్నగా ఉండాలి, పేజీ అడుగుకు మొత్తం తేలాలి, అదే నా దృష్టిలో అందం. రిటైరయ్యాక కీబోర్డు నేర్చుకుంటూ ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి పట్టుకున్నాను. స్వరూప మా పై అంతస్తులో ఉండేది. చేవెళ్ల వైపు పిల్ల, రాయదుర్గంలో ఉద్యోగం. ఆదివారాలు తనలాంటి ఉద్యోగస్తులను పోగేసి మా క్లబ్‌హౌస్‌లో వయొలిన్లు, పెద్ద వయొలిన్‌లా ఉండే చెల్లోతో చిన్న వాద్యబృందం నడిపేది. తన చేతిరాత కంప్యూటర్‌లో ఎక్కించే పని నాకు అప్పజెప్పింది. "నన్నే ఎందుకమ్మా?" అంటే, "లిఫ్టుల అంటించిన నోటీసుకు ఎర్రపెన్నుతోని తప్పులు దిద్దింది మీరే గద అమ్మా. నాకు గట్లాంటి మనిషే కావాలె" అంది.

అప్పటిదాకా ఆమె ఇతరుల పాటలనే వాద్యాలకు సర్దేది. ఆ ఏడాది మొదటిసారి సొంతంగా ఒక బాణీ కట్టింది. దాన్ని నేను ప్రాణం పెట్టి ఎక్కించాను. నిలువు గీతల మధ్య ఉండే ఒక్కో భాగాన్ని బార్ అంటారు. వరుసకు నాలుగు బార్లు చొప్పున, ఒక్కటి కూడా అటూ ఇటూ కదలకుండా, ప్రతి వరుసా అక్కడే విరిగేలా చివర తెంపు పెట్టి బిగించేశాను. పేజీలు పద్దు పుస్తకంలా వచ్చాయి. చూసుకుని మురిసిపోయాను.

కచేరీ ఆదివారం సాయంత్రం. శనివారం మధ్యాహ్నం స్వరూప పరుగున వచ్చింది. "అమ్మా, ఆఖర్ల బాణీ మళ్లచ్చే ముందర ఒక బార్ కలపాలె. అందరు ఆగిపోతరు, చెల్లో ఒక్కటే మోగుతది. ఇన్ని దినాలు ఏం తక్కువైందో ఇయ్యాల దొరికింది." కలిపాను. ఆ వరుసలో పట్టక ఒక బారు కిందికి జారి, ఒక్కటే వరుసంతా సాగింది. దాని వెనక ఉన్నవన్నీ దిగజారాయి. పేజీ తిప్పాల్సిన చోటు వచ్చి వయొలిన్ క్షణం తీరిక లేకుండా వాయించే చోట పడింది. తిప్పితే స్వరాలు పోతాయి, తిప్పకపోతే ముందు ఏముందో కనబడదు. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెదిరింది. గంటసేపు కుస్తీ పట్టి, చివరికి అన్నాను: "స్వరూపా, ఆ ఒక్క బారు తీసేద్దామమ్మా. పేజీలన్నీ చక్కగా కుదురుతాయి."

ఆమె ముఖం చిన్నబోయింది. కోప్పడి ఉంటే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని, "కాగితం కోసరం పాట కోస్తమా అమ్మా?" అని మెల్లగా అడిగింది.

నేను తెర వైపు తిరిగాను. "మీరు పెట్టిన తెంపులన్ని తీసెయ్యుండ్రి" అంది. "అన్నీనా?" "అన్ని. ఫికర్ చెయ్యకుండ్రి, స్వరాలు ఏడికి పోవు." ఒక్కొక్కటే తీస్తూ పోయాను. పేజీలన్నీ ఒకదాని మీద ఒకటి కూలినట్టయింది. అప్పుడు స్వరూప తెర మీద వేలు పెట్టి చూపించింది. "పదహారు స్వరాలున్న బార్‌కు, ఒక్క స్వరమున్న బార్‌కు ఒకటే జాగా ఇస్తే ఎట్ల? వరుసలు గవే సర్దుకుంటయి. మనం వెతకాల్సింది ఒక్కటే, వాయించేటోళ్ల చెయ్యి ఎక్కడ ఖాళీ అయితది? ఆడ పేజీ ఆపాలె." వయొలిన్‌కు విరామం దొరికిన చోట ఆపాం. పేజీ అడుగున రెండు వరుసల మేర తెల్లగా మిగిలింది. నేను ఉండబట్టలేక, "ఇంత ఖాళీయా?" అన్నాను. "ఖాళీ ఉంటే మిమ్మల్ని కరుస్తదా?" అని నవ్వింది.

మర్నాడు కచేరీలో నేను బాణీ వినలేదు, కాగితాలే చూశాను. వయొలిన్ కుర్రాడు విల్లు దించి, పేజీ తిప్పి, మళ్లీ ఎత్తాడు. తర్వాత అందరూ ఆగారు. చెల్లో ఒక్కటే మోగింది. నేను తీసేద్దామన్న బారు అది. స్వరూప కళ్లు మూసుకుని నిలబడింది. బాణీ తిరిగొచ్చేసరికి నా పక్కనావిడ పైటతో కళ్లొత్తుకుంటోంది.

కిందటేడు స్వరూపకు పుణెకు బదిలీ అయింది. బృందాన్ని ఇప్పుడు లావణ్య అనే అమ్మాయి నడుపుతోంది, ఎక్కించే పని నాదే. మొన్న ఒక పాట అంతా ఎక్కించాక లావణ్య ఫోన్ చేసి నసిగింది: "ఆంటీ, మధ్యలో రెండు బార్లు తట్టాయండి. పేజీలన్నీ మళ్లీ చెదిరిపోతాయేమో, పోనీ వద్దులెండి."

"నువ్వు పంపించమ్మా" అన్నాను. "పేజీల సంగతి నేను చూసుకుంటాను."